పొగ అలారం మోగుతుందా? తాళంచెవి చేతికందుతుందా?

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చిన తల్లిదండ్రులు అక్కడి ఇంటి గురించి తప్పకుండా చెప్పే మాట ఒకటుంది. "పోపు పెట్టాలంటేనే భయం. నూనెలో ఎండుమిరపకాయ పడీపడగానే పైకప్పుకు బిగించిన గుండ్రటి డబ్బా చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. అబ్బాయి తువ్వాలు పట్టుకుని విసురుతాడు, కోడలు కిటికీలు తెరుస్తుంది." ఇది అందరూ నవ్వుకుంటూ చెప్పుకునే సంగతే. అయితే కొందరు చివరగా ఇంకో మాట కూడా అంటారు: "ఆ గోల పడలేక దాని బ్యాటరీ తీసి పక్కన పెట్టేశాం."

నవ్వు అక్కడ ఆగిపోవాలి. ఆ డబ్బా పేరు పొగ అలారం. అది పోపు వేళ విసిగించినా, అర్ధరాత్రి ఇంటిల్లిపాదినీ లేపగలిగేది అదొక్కటే. అమెరికాలో ఇళ్లలో జరిగే అగ్నిప్రమాదాల్లో చనిపోయేవారిలో ప్రతి అయిదుగురిలో సుమారు ముగ్గురు, అలారం లేని ఇళ్లలోనో, ఉన్నా అది పనిచేయని ఇళ్లలోనో చనిపోతున్నారని అక్కడి నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ లెక్కలు చెబుతున్నాయి. పనిచేయని అలారాల్లో ఎక్కువ వాటికి వచ్చిన జబ్బు ఒకటే. బ్యాటరీ అయిపోవడం, లేదా ఎవరో తీసేయడం.

"మన ఊళ్లో ఈ అలారాలు ఎక్కడున్నాయి?" అని మీరు అడగవచ్చు. నిజమే, మన ఇళ్లలో ఇవి అరుదు. కాని పొగకు అమెరికా, ఆంధ్ర అనే తేడా లేదు.

మంటకంటే ముందు పొగ

2025 మే 18, ఆదివారం తెల్లవారుజామున హైదరాబాదులో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంటికి నిప్పంటుకుంది. కింద దుకాణాలు, పైన కాపురాలు. లోపలికి వెళ్లడానికీ బయటికి రావడానికీ ఒకటే ఇరుకు దారి. 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది చిన్నపిల్లలు. ఎక్కువమంది ప్రాణాలు తీసింది పొగే. అంతకు ముందు 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూంలో రేగిన మంటల పొగ, దాని పైనున్న లాడ్జి గదుల్లోకి ఎక్కి 8 మందిని బలి తీసుకుంది.

పొగ ఎందుకంత ప్రమాదం? పరుపు, సోఫా, ప్లాస్టిక్ సామాను కాలినప్పుడు వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, మత్తు వస్తాయి, తరువాత స్పృహ పోతుంది. నిద్రలో ఉన్నవాడు ఆ నిద్రలోనే పోతాడు.

"పొగ వాసన వస్తే మెలకువ రాదా?" అని చాలామంది ధీమాగా అడుగుతారు. రాదనే అనుకోండి. నిద్రలో మన చెవి కొంతవరకు పనిచేస్తుంది గాని ముక్కును నమ్ముకోలేం. అందుకే పొగను శబ్దంగా మార్చే పరికరం కావాలి. నేటి ఇళ్లలో సామాను త్వరగా అంటుకుంటుంది కాబట్టి, అలారం మోగిన తరువాత క్షేమంగా బయటపడడానికి రెండు నిమిషాలే దొరకవచ్చు.

అలారం ఎక్కడ పెట్టాలి?

ఈ అలారాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒక రకం ఎగిసిపడే మంటను త్వరగా పసిగడుతుంది. రెండో రకం లోపలి వెలుతురు కిరణంతో పొగను కనిపెడుతుంది. దీన్ని ఫోటో ఎలక్ట్రిక్ అంటారు. పరుపులో, సోఫాలో నిప్పు రగులుతూ ఉంటే ఇది ముందు కూస్తుంది. పోపు పొగకు అనవసరంగా మోగడం కూడా దీనితో తక్కువ. కొనేటప్పుడు పెట్టె మీద యు.ఎల్. 217 లేదా ఈ.ఎన్. 14604 అనే ప్రమాణం ఉందో లేదో చూడండి.

1. ప్రతి పడకగదిలో ఒకటి, పడకగదుల బయట ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి. ఒక్కటే కొనగలిగితే పడకగదుల బయట, అందరికీ వినిపించే చోట పెట్టండి.
2. పొగ పైకి లేస్తుంది కాబట్టి పైకప్పుకు బిగించాలి. గోడకైతే కప్పు నుండి అడుగు లోపే ఉండాలి.
3. పొయ్యికి కనీసం 10 అడుగుల దూరంలో పెట్టండి. స్నానాల గది ఆవిరి తగిలేచోట వద్దు.
4. మన ఇళ్లలో ముఖ్యంగా గమనించవలసింది ఫ్యాను. దాని గాలి పొగను అలారం దగ్గరికి రానివ్వదు. రెక్కల కొసకు కనీసం 3 అడుగుల దూరం ఉండాలి.

దాన్ని బతికించుకోవడం

నెలకొకసారి బొత్తాం నొక్కి మోగించి చూడండి. నెల మొదటి ఆదివారం అని పెట్టుకుంటే మరచిపోరు. పిల్లలతో నొక్కిస్తే ఆ శబ్దం ఏమిటో వారికీ తెలుస్తుంది. కొన్ని నెలలకొకసారి మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. దాని మీద సున్నం గాని రంగు గాని పడనివ్వకండి. నిమిషానికొకసారి "కీచ్" అంటుంటే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం. ఆ కీచుమనే శబ్దం భరించలేక బ్యాటరీ ఊడదీయడం కాదు, అదే రోజు కొత్తది వేయండి. టీవీ రిమోట్‌కు, గోడగడియారానికి, పిల్లల బొమ్మకు అలారం బ్యాటరీ అరువివ్వకండి. అలారం వెనుక తయారైన తేదీ ఉంటుంది. పదేళ్లు దాటితే బొత్తాం నొక్కినప్పుడు మోగినా సరే, మార్చేయండి.

పోపు వేళ మోగితే కిటికీ తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. కొన్నింటికి కాసేపు నోరు మూయించే బొత్తాం ఉంటుంది, అది నొక్కండి. రోజూ మోగుతుంటే అలారానిది తప్పు కాదు, పెట్టిన చోటు తప్పు. కాస్త దూరం జరపండి.

దారి ఉందా?

అలారం లేపుతుందే గాని తలుపు తీయదు. మన ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. దొంగల భయంతో వరండాకు గ్రిల్, గ్రిల్‌కు తాళం, కిటికీలకు ఇనుపచువ్వలు, బాల్కనీకి జాలీ వేయించుకుంటాం. రాత్రి గ్రిల్‌కు తాళం వేసి చెవి నాన్నగారి చొక్కా జేబులోనో, అమ్మగారి కొంగుముడిలోనో, బీరువాలోనో ఉంటుంది. చీకట్లో, కళ్లు మండుతుండగా, పిల్లలు ఏడుస్తుండగా ఆ చెవి దొరుకుతుందా?

ఈ రాత్రి భోజనాలయ్యాక అందరూ కూర్చుని ఈ అయిదు సంగతులు మాట్లాడుకోండి.

1. తాళంచెవి: తలుపు పక్కనే, బయటి నుండి చెయ్యి పెట్టినా అందని చోట ఒక మేకు కొట్టి దానికే తగిలించండి. రాత్రంతా అది అక్కడే ఉండాలి. పదేళ్లు దాటిన పిల్లలందరికీ తాళం తీయడం రావాలి.
2. రెండో దారి: ప్రతి గది నుండి బయటపడే దారులు రెండు చూసుకోండి. కిటికీలన్నిటికీ చువ్వలే ఉంటే, ఒక్క గ్రిల్‌నైనా లోపలి నుండి తెరుచుకునేలా వెల్డింగు పనివారితో చేయించండి.
3. ఎవరు ఎవరిని: చిన్నపిల్లలు గాఢనిద్రలో అలారానికి కూడా లేవకపోవచ్చు. తాతగారికి వినికిడి తక్కువై ఉండవచ్చు. అమ్మమ్మగారు నడవలేకపోవచ్చు. ఎవరిని ఎవరు లేపి తీసుకురావాలో పేరు పేరునా ఇప్పుడే చెప్పుకోండి.
4. కలుసుకునే చోటు: బయట వేపచెట్టు కింద, ఎదురింటి గేటు దగ్గర, ఎక్కడైనా ఒకచోట అనుకోండి. అందరూ అక్కడికి వస్తే లోపల ఎవరైనా మిగిలారా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది.
5. మెట్లు, గుమ్మం: ఆ దారిలో స్కూటరు, గ్యాస్ బండ, పాత పేపర్లు పెట్టకండి. విద్యుత్ స్కూటరును రాత్రిపూట మెట్ల కింద చార్జింగు పెట్టి పడుకోకండి. అక్కడ నిప్పు పుడితే ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

అనుకున్న తరువాత ఒకసారి లైట్లు ఆర్పి నడిచి చూడండి. పిల్లలకు ఆటగా ఉంటుంది, పెద్దలకు లోపాలు తెలుస్తాయి.

మోగినప్పుడు

నగలు, కాగితాలు, సెల్‌ఫోను వెతకవద్దు. పొగ ఉంటే నేల మీద పాకుతూ వెళ్లండి, కింద గాలి కాస్త మెరుగ్గా ఉంటుంది. మూసి ఉన్న తలుపును చేతి వెనుక భాగంతో తాకి చూడండి. వేడిగా ఉంటే తెరవకండి. వెళ్తూ వెళ్తూ తలుపులు దగ్గరికి వేయండి, మూసిన తలుపు పొగను, మంటను చాలాసేపు ఆపుతుంది. లిఫ్టు ఎక్కకండి. అపార్టుమెంటులో మెట్లనిండా పొగ ఉంటే అందులోకి దిగవద్దు. గదిలోకి వచ్చి తలుపు వేసి, కింది సందులో తడిగుడ్డలు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి టార్చితోనో గుడ్డతోనో సైగ చేయండి. బయటికి వచ్చాక 101కు గాని 112కు గాని ఫోను చేయండి. దేనికోసమూ మళ్లీ లోపలికి వెళ్లవద్దు.

వంటింట్లో

పొగ అలారం గ్యాస్‌ను పసిగట్టలేదు. వంటగ్యాస్ గాలికంటే బరువైనది, నేల మీద పరచుకుంటుంది. గ్యాస్ అలారం కొంటే నేలకు దగ్గరగా బిగించాలి, పొగ అలారంలా పైన కాదు. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ వేయవద్దు, ఆర్పవద్దు, అగ్గిపుల్ల గీయవద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. గ్యాస్ గొట్టాన్ని అయిదేళ్లకొకసారి మార్చాలి.

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, మంట ఎగిసిపడుతుంది. పొయ్యి కట్టేసి, మూకుడు కదపకుండా పళ్లెంతో మూసేయండి. పూర్తిగా చల్లారేదాకా మూత తీయవద్దు.

ఆసుపత్రికి ఎప్పుడు రావాలి?

బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తవద్దు. నేల మీద పడి దొర్లాలి, లేదా మందపాటి దుప్పటి కప్పి ఆర్పాలి. కాలినచోట 20 నిమిషాలపాటు మామూలు కుళాయినీళ్లు ధారగా పోయండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, నూనె ఏదీ రాయకండి. వాటితో గాయం చల్లబడదు, ఎంత లోతుగా కాలిందో వైద్యులకు కనబడదు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి తీసుకురండి.

ఒంటి మీద ఒక్క బొబ్బ లేకపోయినా, పొగ పీల్చినవారిని నిర్లక్ష్యం చేయకండి. గొంతు బొంగురుపోవడం, ముక్కులో మసి, నల్లటి కళ్లె, ఆయాసం, మగత, తలనొప్పి, వీటిలో ఏది ఉన్నా వెంటనే 108కు ఫోను చేయండి. గొంతు లోపల వాపు కొన్ని గంటల తరువాత కూడా పెరిగి ఊపిరి ఆడకుండా చేయవచ్చు. కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్లలో వేలికి పెట్టి చూసే ఆక్సీమీటరు కొన్నారు. పొగ పీల్చినవారికి దాన్ని పెట్టి "98 ఉంది, ఫరవాలేదు" అనుకోకండి. రక్తంలో ఉన్నది ప్రాణవాయువో కార్బన్ మోనాక్సైడో ఆ పరికరం తేడా చెప్పలేదు.

చివరగా ఒక మాట. ఈ వారం దూరదేశంలో ఉన్న మీ అబ్బాయికో అమ్మాయికో ఫోను చేసినప్పుడు, "భోజనం చేశావా?" అని అడిగిన తరువాత "మీ ఇంట్లో అలారానికి బ్యాటరీ ఉందా?" అని కూడా అడగండి. ఫోను పెట్టేశాక లేచి వెళ్లి, మీ గ్రిల్ తాళంచెవి ఎక్కడుందో చూడండి. దానికి మేకు ఈ రాత్రే కొట్టండి.