ఉబ్బసముగల రైతులు తీసికొనవలసిన జాగ్రత్తలు

మృగశిర కార్తె ప్రవేశించునప్పుడు, అనగా జూన్ మొదటి పక్షములో, వేలాది ఉబ్బస రోగులు సికింద్రాబాదు స్టేషనులో రైలు దిగి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమునకు వెళ్లుట మనమెరిగినదే. అచట బత్తిని కుటుంబమువారు చేప ప్రసాదమును ఉచితముగా ఇత్తురు. 1845లో ఒక సాధువు తమ పూర్వీకునకు ఈ మందు తెలిపెనని వారు చెప్పుదురు. మందు ముద్దను చిన్న కొర్రమీను పిల్ల నోటబెట్టి రోగిచే మ్రింగింతురు. మత్స్యశాఖవారు చేప పిల్లలను సరఫరా చేయుదురు. శాకాహారులకు బెల్లముతో ఇత్తురు.

దీనివలన ఉబ్బసము కుదురునని శాస్త్రీయముగా రుజువు కాలేదు. నమ్మకముతో వెళ్లువారిని వలదనుట ఈ వ్యాస ఉద్దేశము కాదు. కాని ప్రసాదము పుచ్చుకొంటిమి గదా యని, వైద్యుడిచ్చిన ఇన్‌హేలరును మానివేసినచో ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఈ ఒక్క సంగతి ప్రతి రోగియు గుర్తుంచుకొనవలెను.

ఉబ్బసము ఎట్లు వచ్చును?

పంటబోదెలో ఒండ్రు పేరుకొని, గట్లు లోనికి జరిగినచో నీరు పారదు గదా! అట్లే ఉబ్బసములో ఊపిరి గొట్టముల లోపలి పొర వాచును, చుట్టునున్న కండరము బిగియును, కఫము పేరుకొనును. అందువలన గాలి ఆడక పిల్లికూతలు, దగ్గు, ఆయాసము కలుగును. ఆయాసము లేని దినములలో కూడ లోపల వాపు ఉండవచ్చును. ఇది అంటువ్యాధి కాదు.

రెండు విధములైన మందులు

సాల్బుటమాల్ వంటి మందు బిగిసిన గొట్టములను వెంటనే సడలించును, వాపును తగ్గించదు. బుడెసొనైడ్ వంటి మందు వాపును తగ్గించును. దీనిని వైద్యుడు చెప్పిన ప్రకారము బాగున్న దినములలో కూడ వాడవలెను. మొదటిది తెగిన గట్టుకు వేయు అడ్డుకట్ట. రెండవది గట్టు తెగకుండ ముందే చేయు మరమ్మతు.

ఇన్‌హేలరు అలవాటైపోవునను భయము వలదు. మాత్రలోని మందును మిల్లీగ్రాములలో కొలుతురు. పీల్చు మందును మైక్రోగ్రాములలో కొలుతురు. వేయి మైక్రోగ్రాములు కలిసిన ఒక మిల్లీగ్రాము. ఇంత కొద్ది మందు నేరుగా ఊపిరి గొట్టములకే చేరును.

స్ప్రే ఇన్‌హేలరును బాగుగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదలి, పెదవులతో బిగించి, మందు నొక్కుచు నెమ్మదిగా పీల్చవలెను. పది లెక్కించు వరకు ఊపిరి బిగబట్టవలెను. వాపు తగ్గించు మందు పీల్చిన పిమ్మట నోరు పుక్కిలించి ఉమ్మివేయవలెను.

పొలములో, ఇంటిలో

1. నూర్పిడి, తూర్పారబట్టుట, మిరప కళ్లము, పత్తి ఏరుట వంటి దుమ్ము పనులను వీలైనంతవరకు ఇతరులకు అప్పగించవలెను. తప్పనిసరియైనచో ముక్కును నోటిని కప్పి, దుమ్ము తనవైపు రాకుండ, గాలి వచ్చు వైపున నిలువవలెను.
2. తడిసి బూజు పట్టిన గడ్డిని ఉబ్బస రోగులు కదల్చరాదు.
3. వయ్యారిభామ పుప్పొడి అనేకులకు ఉబ్బసమును రేపును. దానిని పూతకు రాకముందే వేళ్లతో పెరికించవలెను. పెరుకువారు చేతులకు తొడుగులు వేసికొనవలెను. రోగి ఈ పనికి పోరాదు.
4. చుట్ట, బీడీ మానవలెను. కట్టెల పొయ్యి పొగ బయటికి పోవు ఏర్పాటుండవలెను. వరికొయ్యలు కాల్చరాదు, ఆ పొగ ఇరుగుపొరుగు రోగులకు కూడ హాని చేయును.

ఎప్పుడు ఆలస్యము చేయరాదు?

వాక్యము పూర్తిగా పలుకలేనంత ఆయాసము వచ్చినను, పెదవులు నీలివర్ణమైనను, వెంటనే పనిచేయు మందు పీల్చినను గుణము కనిపించకున్నను, రోగిని నిటారుగా కూర్చుండబెట్టి 108కు ఫోను చేయవలెను. వాహనము వచ్చు లోపల ఆ మందును వైద్యుడు చెప్పిన మోతాదున మరల పీల్పించవలెను.

గ్రామాధికారులు బడి, పంచాయతీ స్థలములలో వయ్యారిభామను తీయించి, ఉబ్బసముగలవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అవసరమైనచో అచటి వైద్యుడు సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రికిగాని, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికిగాని వ్రాసి పంపును.

రైతు సోదరులారా! ఉబ్బసము ఒక్కనాటి మందుతో పోవునది కాదు. కాని ప్రతిదినము శ్రద్ధ వహించినచో, పలువురు రోగులు అందరివలెనే వ్యవసాయము చేసికొనవచ్చును.