మెయిన్ దాటాక అడ్వాన్స్‌డ్ ఎందుకు అడ్డం తిరుగుతుంది?

ఉగాదికి ఊరు వెళ్ళినప్పుడు మా పిన్ని కొడుకు నన్నొక ప్రశ్న అడిగాడు. వాడు ఇంటర్ రెండో సంవత్సరం. జనవరిలో రాసిన జె.ఇ.ఇ. మెయిన్‌లో మంచి పర్సెంటైలే వచ్చింది. "అన్నయ్యా, ఫిజిక్సూ అదే, కెమిస్ట్రీ అదే, లెక్కలూ అవే. మరి మెయిన్ బాగా రాసినవాళ్ళు కూడా అడ్వాన్స్‌డ్‌లో ఎందుకు బోల్తా పడతారు?" అన్నాడు. రెండూ రాసి, మొదటిదాంట్లో గట్టెక్కి, రెండోదాని ర్యాంకుల జాబితాలో పేరు కనపడక ఈ కాలేజీలో చేరినవాణ్ణి నేను. కనుక జవాబు చెప్పే అర్హత నాకు కాస్త ఉందనుకుంటాను. వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

రెండంచెల పద్ధతి కొత్తదేమీ కాదు. 2000 నుంచి 2005 వరకు ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షకు ముందొక వడపోత పరీక్ష ఉండేది. అది దాటినవాళ్ళు రెండో పరీక్షలో లెక్కంతా కాగితం మీద చేసి చూపించాల్సి వచ్చేది. 2013లో ఎ.ఐ.ఇ.ఇ.ఇ. స్థానంలో మెయిన్, పాత ఐ.ఐ.టి. పరీక్ష స్థానంలో అడ్వాన్స్‌డ్ వచ్చాయి. మెయిన్‌లో మొదటి రెండున్నర లక్షల మందికే అడ్వాన్స్‌డ్ రాసే అర్హత. మెయిన్ ర్యాంకుతో ఎన్.ఐ.టి.ల వంటి చోట్ల సీటు వస్తుంది, ఐ.ఐ.టి. సీటు కావాలంటే మాత్రం అడ్వాన్స్‌డ్ ర్యాంకు తప్పదు. అందుచేత మెయిన్ ఒక గమ్యమూ, ఇంకొక గమ్యానికి గడపా కూడా. తికమకంతా ఇక్కడే మొదలవుతుంది.

మెయిన్‌లో మూడు గంటల్లో 75 ప్రశ్నలు. అంటే ప్రశ్నకి 2 నిమిషాల 24 సెకన్లు. సరైన జవాబుకి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత. ఏ ప్రశ్న ఏ పాఠంలోదో చూడగానే పోల్చుకోవాలి, చెయ్యి తడబడకుండా లెక్క తేల్చాలి, రానిదాన్ని మొహమాటం లేకుండా వదిలెయ్యాలి. సాధనతో అబ్బే గుణాలివి. ఏడాదికి రెండు విడతలుంటాయి కనుక ఒకసారి జ్వరమొచ్చినా రెండోసారి సర్దుకోవచ్చు.

అడ్వాన్స్‌డ్ తీరు వేరు. ఒకే రోజున, మూడేసి గంటల పేపర్లు రెండు, రెండూ రాసి తీరాలి. ఎన్ని ప్రశ్నలు, ఎన్ని మార్కులు అన్నది ముందుగా చెప్పరు. హాల్లో కూర్చున్నాకే తెలుస్తుంది. పైగా ఏడాదికి ఒక్కసారే, అదీ వరసగా రెండేళ్ళకి మించి రాయనివ్వరు.

ఒక ఉదాహరణ చూడండి. బంతిని 20 మీ/సె వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే ఎంత ఎత్తు లేస్తుంది? గురుత్వ త్వరణం 10 అనుకుంటే 20 మీటర్లు. సూత్రం గుర్తుంటే అర నిమిషం పని. ఇప్పుడు అదే బంతిని లిఫ్టులో పెట్టండి. ఆగి ఉన్న లిఫ్టు 10 మీ/సె² త్వరణంతో పైకి కదలడం మొదలుపెట్టిన క్షణానే, దాని నేల మీంచి అదే వేగంతో బంతిని విసిరారు. లిఫ్టులో ఉన్నవాడికి బంతి 10 మీటర్లే లేచి, 2 సెకన్లలో మళ్ళీ నేలకు తగులుతుంది. బయట నిలబడి చూసేవాడికి మాత్రం ఆ బంతి అసలు కిందికి దిగనే దిగదు! అది 20 మీటర్ల ఎత్తుకు చేరి ఒక్క క్షణం ఆగేసరికి, లిఫ్టు నేలే 20 మీటర్లు పైకొచ్చి దాన్ని అందుకుంటుంది. ఇందులో కొత్త సూత్రం ఒక్కటీ లేదు. ఎక్కడ నిలబడి చూడాలో మనమే తేల్చుకోవాలి, అంతే. అడ్వాన్స్‌డ్ అడిగేది ఇలాంటివి.

మార్కుల లెక్కలోనూ తేడా ఉంది. మెయిన్ చాలా షిఫ్టుల్లో జరుగుతుంది కాబట్టి పర్సెంటైల్ ఇస్తారు. 95 పర్సెంటైల్ అంటే నూటికి 95 మార్కులు కాదు. మీ షిఫ్టులో నూటికి 95 మంది మీతో సమానంగానో, మీకంటే తక్కువగానో ఉన్నారని అర్థం. అడ్వాన్స్‌డ్‌లో అందరికీ ఒకే పేపరు కనుక మార్కులను బట్టే ర్యాంకు. అక్కడ మొత్తం మార్కులొక్కటే చాలవు, ప్రతి సబ్జెక్టులోనూ కనీస మార్కులు రావాలి. నా కొంప ముంచింది అదే. లెక్కలు నన్ను మోస్తాయనుకున్నాను. కెమిస్ట్రీ కిందకి లాగేసింది. ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలు కూడా అక్కడ ఉంటాయి. ఇటీవలి పేపర్లలో అలాంటిచోట మూడు సరైనవుంటే రెండే గుర్తించినా 2 మార్కులిచ్చారు. ఒక్క తప్పు గుర్తిస్తే మాత్రం 2 కోసేశారు. తెలిసినంతవరకే చెప్పి ఊరుకునేవాడికి అక్కడ విలువుంది.

ఇక నన్ను బాధించే సంగతి ఒకటి. 2021 నుంచి మెయిన్‌ను తెలుగుతో సహా 13 భాషల్లో రాయవచ్చు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. మావాడు తెలుగు మీడియం. మెయిన్ తెలుగులోనే రాశాడు. మొదటి గడప దాకా వాడి భాష వాడి వెంట వస్తుంది, రెండో గడప దగ్గర ఆగిపోతుంది. లిఫ్టు ప్రశ్న పదిలైన్ల ఇంగ్లీషులో ఉంటే, అర్థం చేసుకోవడానికే సగం టైము పోతుంది. ఇది తెలివికి పెట్టిన పరీక్ష ఎలా అవుతుందో పెద్దలు ఆలోచించాలి.

మావాడికి చెప్పిందిది. "మెయిన్ అయ్యేదాకా వేగం మీద దృష్టి పెట్టు. ఆ తర్వాత రోజుకు వంద లెక్కలు మానేసి ఐదే చెయ్యి. గంట పట్టినా జవాబు చూడకు. పాత పేపర్లు ఇప్పట్నించే ఇంగ్లీషులో చదువుకో." వాడు తలూపి, "రాకపోతే?" అన్నాడు. "రాకపోతే ఒకరోజు ఆరుగంటల్లో ఆ ప్రశ్నలు నీకు చిక్కలేదని అర్థం. నాకూ చిక్కలేదు. ఆ లిఫ్టు లెక్క నాకు అర్థమైంది ఈ కాలేజీకి వచ్చాకే" అన్నాను.