కలోంజితో షుగర్ మాత్రలు మానవచ్చా?

“కలోంజి తింటే షుగర్ తగ్గుతుందట కదా హకీం సాబ్, మాత్రలు మానేయనా?” యానాంలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. పరిశోధనలో తేలిందని ఎక్కడో చదివి అడుగుతారు. చదివింది అబద్ధం కాకపోవచ్చు, కాని సగమే అయి ఉంటుంది.

పరిశోధనా పత్రాలు వేలల్లో ఉన్నాయి. అందుకే శాస్త్రజ్ఞులు వాటిలోని విషయాన్ని విడదీసి, గడులు గీసిన పట్టికల్లో నింపుతున్నారు. దీన్నే డేటాబేస్ అంటారు. చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్ వారు 2018లో ప్రకటించిన ‘ఇంప్యాట్’లో 1,742 భారతీయ ఔషధ మొక్కలు, వాటిలోని 9,596 రసాయనాల వివరాలు చేర్చారు. ఒకే మొక్కకున్న వేర్వేరు పేర్లను ఒకే శాస్త్రీయ నామం కిందికి తెచ్చారు. ఇది చాలా అవసరం. కలోంజి అంటే నైజెల్లా సటైవా. సాజీర వేరు, ఉల్లి విత్తనాలు వేరు. చూపుకు ఒకేలా ఉన్నాయని ఒకదానికి బదులు ఇంకొకటి వాడరాదు.

యునానీ తిబ్బుకు ఈ పద్ధతి కొత్త కాదు. 11వ శతాబ్దపు బాగ్దాద్ వైద్యుడు ఇబ్న్ బుత్లాన్ తన ‘తఖ్వీముస్సిహ్హా’ గ్రంథాన్ని పట్టికలుగానే రాశారు. పదార్థం మిజాజు, దాని మేలు, ఆ పక్కనే కీడు, ఆ కీడుకు విరుగుడు. మేలు ఒక్కటే రాసి వదిలేయలేదు.

ఇప్పుడు కలోంజిపై సౌదీ అరేబియాలో జరిగి, 2010లో వెలువడిన ఒక పరిశోధనను గడుల్లో పెట్టి చూద్దాం.

ఎవరి మీద? 94 మంది టైప్-2 షుగర్ రోగుల మీద.
మోతాదు? రోజుకు 1, 2, 3 గ్రాముల చొప్పున మూడు జట్లకు.
ఎంతకాలం? మూడు నెలలు.
ఫలితం? 2 గ్రాములతో షుగర్ తగ్గింది. 3 గ్రాములతో అంతకు మించి లాభం కనబడలేదు.
ఎలా ఇచ్చారు? రోగులు వాడుతున్న మాత్రలకు తోడుగా.

ఆ చివరి గడి చూశారా? మాత్రలు మాన్పించి చేసిన పరీక్ష కాదది. మాత్రలు మానితే షుగర్ అదుపు తప్పి కళ్లకు, మూత్రపిండాలకు ముప్పు. మాత్రలతో పాటు కలోంజి వాడినా షుగర్ మరీ పడిపోయే అవకాశముంది. కాబట్టి డాక్టరుకు చెప్పి, రక్తపరీక్ష చేయిస్తూనే వాడాలి. గర్భిణులు సొంతంగా వాడరాదు.

ఇకపై ఏ మూలిక గురించి చదివినా ఈ ప్రశ్నలే అడగండి. జవాబు దొరకని గడి ఒక్కటున్నా, వాడకముందే హకీంను గాని డాక్టరును గాని సంప్రదించండి.