వేగిస – రక్తచందనం

మా నాన్నగారు మధుమేహ రోగి. ఒక యాత్రాస్థలంలోని దుకాణదారు “ఇది వేగిస చెక్క. రాత్రి నీరు పోసి ఉంచి పరగడుపున త్రాగండి, ఇక మాత్రలతో పనిలేదు” అంటూ ఎర్రని గ్లాసు నొకదానిని ఆయనకు అంటగట్టాడు. నాన్నగారు నమ్మి మాత్రలు మానివేశారు. రెండు నెలలు తిరిగేసరికి రక్తంలో చక్కెర పెరిగి, కాలి పుండు మానక, వైద్యుని వద్దకు పరుగెత్తవలసి వచ్చింది. ఆ గ్లాసులో నీరు ఏనాడూ రంగు మారలేదని నాకప్పుడు స్ఫురించింది. అది వేగిస కానే కాదు!

గుర్తించడం ఎలా?

వేగిస (అసన, విజయసార), రక్తచందనం ఒకే జాతి వృక్షాలు. రెండింటికీ పసుపు పూలు, చుట్టూ రెక్క గల గుండ్రని కాయలు. రక్తచందనం ఆకుకు సాధారణంగా మూడు చిట్టి ఆకులుంటాయి. వేగిసకు ఐదు నుండి ఏడు. మొదటిదాని చేవ రక్తవర్ణం, రెండవదాని చేవ పసుపు కలిసిన గోధుమరంగు. వేగిస చెక్క నానిన నీరు తేనెరంగుకు తిరుగుతుంది. ఎండలో చూస్తే నీలి మెరుపు కనిపిస్తుంది.

గుణాలు

సుశ్రుతుడు అసనను మేహాన్ని హరించే సాలసారాది గణంలో చేర్చాడు. భారత వైద్య పరిశోధనా మండలి 1998లో ప్రకటించిన పరిశీలనలో, కొత్తగా మధుమేహం సోకిన 97 మందిలో 67 మందికి విజయసారతో చక్కెర అదుపులోకి వచ్చింది. అయితే అది వైద్యుల పర్యవేక్షణలో, నిర్ణీత మోతాదులో ఇచ్చిన ఔషధం; గ్లాసులోని నీరు కాదు. రక్తచందనం చలువ చేస్తుంది. సానపై నీటితో అరగదీసిన గంధాన్ని సెగగడ్డలపై పట్టు వేయడం మన ఇళ్ళలో వాడుకే.

ఏది ఎంత ప్రమాదంలో ఉంది?

రక్తచందనం ప్రధానంగా శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలలోనే సహజంగా పెరుగుతుంది. 1995 నుండి దాని అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ ఒప్పందపు నియంత్రణ ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2018లో దీనిని ‘ముప్పునకు చేరువలో’ ఉన్నదానిగా పేర్కొన్నా, దొంగనరుకుళ్ళ కారణంగా తిరిగి ‘అంతరించే ప్రమాదంలో’ ఉన్నవాటిలో చేర్చింది. వేగిస భారత, నేపాల్, శ్రీలంక అడవులలో విస్తరించి ఉన్నా, కలపకోసం నరకడం, మందుకోసం బెరడు ఒలవడం వలన అదీ ‘ముప్పునకు చేరువలో’ ఉంది.

కనుక పాఠకులకు నా మనవి: ఊరూపేరూ లేని చోట ఈ చెక్కలు కొనకండి. స్థలమున్నవారు ఒక మొక్క నాటండి. వైద్యుడు చెప్పనిదే మాత్రలు మానకండి. నాన్నగారి కాలి పుండు మానింది. మచ్చ మాత్రం మిగిలింది.