క్రొత్త వ్యాపారమునకు ముందు చిన్న పరీక్ష

విద్యార్థులారా, 2005వ సంవత్సరపు దీపావళికి బెంగుళూరునుండి ఇల్లు చేరగోరిన ఫణీంద్ర సామా అను తెలుగు యువకునకు బస్సులో చోటు దొరకలేదు. ఏజెంట్ల నెందరిని అడిగినను లేదనిరి. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా నున్నవో వారిలో ఏ యొక్కరికిని పూర్తిగా తెలియదని అతడు గ్రహించెను.

అతడును, మిత్రులగు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరియు కలసి మొదట బస్సు యజమానులకై యొక సాఫ్ట్‌వేర్ తయారుచేసిరి. యజమానులు దానిని కోరలేదు. అంతట కొద్ది సీట్లు మాత్రమే తీసికొని 2006 ఆగష్టులో ఇంటర్నెట్టు ద్వారా అమ్మి చూచిరి. అవి అమ్ముడుపోయెను. అదియే రెడ్‌బస్ సంస్థకు ఆరంభము. 2013లో ఐబిబో వారు దానిని కొనిరి.

ఇట్టి చిన్న ప్రయత్నమును ఇప్పటి వ్యాపారులు మినిమమ్ వయబుల్ ప్రాడక్ట్ అందురు. 2011లో ఎరిక్ రీస్ అను అమెరికా దేశస్థుడు వ్రాసిన గ్రంథముచే ఈ మాట ప్రచారమునకు వచ్చినది. జనులకు నిజముగా కావలసినదేదో తెలిసికొనుటకు చాలునంతటి వస్తువును తక్కువ ఖర్చుతో చేసి, తెలియనివారి కమ్మి చూచుటయే దీని భావము.

మన ఉద్దానమున నొకడు పనస చిప్సు వ్యాపారము తలపెట్టెననుకొందము. షెడ్డు, యంత్రములు, అప్పు—సాధారణముగా ఆలోచన ఇచ్చటనే మొదలగును. అట్లుగాక, అతడు ప్రభుత్వ నమోదు పొంది, నాలుగు కాయలు ఇంటనే వేయించి, పలాస రైలుస్టేషను చెంత నొక దుకాణమున పొట్లములుంచవలెను. ఎందరు కొనిరి? మరుసటి వారము మరల వచ్చినవారెందరు? ఈ రెండవ లెక్కయే ముఖ్యము. బంధువుల మెప్పు లెక్కకు రాదు. వారు ఉచితముగా తిని, బాగున్నదనక మరేమందురు? వస్తువు కొంచెమైనను రుచియు శుభ్రతయు తగ్గరాదు. తగ్గినచో జనులు తిరస్కరించినది ఆలోచననో, మాడిన ముక్కనో తెలియదు.

తలిదండ్రులకు నొక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మన జీడి, కొబ్బరి తోటలు కూలుటను చూచితిమి. రెండవసారి పెట్టుబడి పెట్టగల శక్తి మనలో కొందరికే కలదు. పిల్లవాడు భూమి తాకట్టు పెట్టుమని కోరినచో, ఎంత అమ్మి చూచితివని ముందు అడుగుడు.

కొబ్బరితోట వంటి వానికి ఈ పద్ధతి చెల్లదు. మొక్క కాపునకు వచ్చుటకే ఏండ్లు పట్టును. అచ్చట పొరుగు రైతుల అనుభవమును, వారి లెక్కలను అడిగి తెలిసికొనవలసినదే.