అదను తప్పితే ముల్లంగి బెండే!

ముల్లంగి దుంప నేలలో ఉన్నంతకాలం ఊరుతూనే ఉంటుందని, ధర వచ్చినప్పుడు పీకుకోవచ్చునని అనుకునే రైతు చివరకు నష్టపోతాడు. ఇది ఉల్లి వలె నిలవ ఉండే సరుకు కాదు. కంద వలె నేలలో ఆగేదీ కాదు. అదను దాటితే దుంప లోపల గుల్లబారి బెండవుతుంది. పీచు తేలిన దుంపను సంతలో అడిగేవారుండరు.

ఒకేసారి విత్తవద్దు

దీనికి తేలికైన విరుగుడు విడతలుగా విత్తడం. ఎకరానికి సుమారు 4 కిలోల విత్తనం పడుతుంది. ఆ లెక్కన 10 సెంట్ల చెక్కకు 400 గ్రాములు చాలు. దానిని 4 భాగాలు చేసి, 10 రోజులకొక భాగం చొప్పున విత్తుకుంటే పంటంతా ఒక్కసారి చేతికి రాదు. సంతకు కొన్ని కట్టలు చొప్పున అమ్ముకోవచ్చు. ఒక సంతలో ధర పడిపోయినా మరొక సంత మిగిలి ఉంటుంది.

జపాను వారి డైకాన్ తరహా ముల్లంగి 'జపనీస్ వైట్' చలికాలపు రకం. అక్టోబరు, డిసెంబరు మధ్య విత్తితే 55-60 రోజులలో తయారవుతుంది. 'పూసా చేత్కి' ఎండలకు తట్టుకుంటుంది. దానిని 40-45 రోజులకే పీకాలి.

నేల వదులుగా ఉండాలి

గరప నేలను లోతుగా దున్ని బోదెల మీద విత్తాలి. పచ్చి పేడ వేస్తే దుంప చీలి కాళ్లు కాళ్లుగా పెరుగుతుంది. బాగా చివికిన పశువుల ఎరువే మేలు. మొక్కకూ మొక్కకూ బెత్తెడు ఎడం ఉండేటట్లు ఒత్తు మొక్కలను తీసివేయాలి. చేను బెట్టకు వచ్చిన తర్వాత ఒక్కసారిగా నీరు పెడితే దుంపలు పగులుతాయి.

ఆకును పారవేయరాదు

తీసివేసిన లేత మొక్కలు మంచి ఆకుకూర. ఇనుము, సి విటమిను దుంపలో కంటె ఆకులోనే ఎక్కువ. లేత ఆకును పెసరపప్పుతో వండుకోవచ్చు. దుంప సాంబారుకే కాక పచ్చడికీ బాగుంటుంది. జపానులో పచ్చి దుంపను కోరి వేపుళ్లతో తింటారు. ఎండబెట్టిన దుంపను తవుడు, ఉప్పు కలిపి ఊరవేస్తారు. ఇంటికి తెచ్చిన ముల్లంగికి వెంటనే ఆకు తుంచాలి. లేకుంటే ఆకు తేమను లాగి దుంప వడలుతుంది.

రోజుల లెక్క ఒక్కటే నమ్ముకోరాదు. అదను దగ్గరపడగానే ఒక దుంపను పీకి అడ్డంగా కోసి చూడాలి. గట్టిగా, నీరూరుతూ ఉంటే పీకడం మొదలుపెట్టవచ్చు. నడుమ గుల్ల కనిపిస్తే ఇక ఒక్కరోజు కూడా ఆగరాదు.