సులభంగా ప్రారంభమయ్యే తోటపని యంత్రాలు

గడ్డి కోయడానికి, కంచె మొక్కలను కత్తిరించడానికి, కొమ్మలు నరకడానికి, మందు పిచికారీ చేయడానికి వాడే చిన్న మోటారు లేదా ఇంజను గల పనిముట్లను తోటపని యంత్రాలు అంటారు. వీటిలో పెట్రోలుతో నడిచే వాటిలో అధిక భాగాన్ని తాడు లాగి ప్రారంభించవలసి ఉంటుంది. వృద్ధులకు, కీళ్ళవాతం ఉన్నవారికి, భుజానికి దెబ్బ తగిలినవారికి ఈ ఒక్క పనే పెద్ద అడ్డంకి. మిగిలిన పనినంతా చేయగలిగినవారు కూడా యంత్రాన్ని స్టార్టు చేసిపెట్టడానికి మరొకరి కోసం ఎదురుచూడవలసి వస్తుంది. అందువలన శారీరక బలం పరిమితంగా ఉన్నవారు యంత్రం ఎంత శక్తివంతమైనదో చూసే ముందు, అది ఎలా ప్రారంభమవుతుందో చూడవలసి ఉంటుంది.

తాడు లాగే విధానం

చిన్న పెట్రోలు ఇంజనులో తాడు ఒక కప్పీకి చుట్టి ఉంటుంది. తాడును లాగినపుడు కప్పీకి ఉన్న కొక్కేలు ఇంజను ఫ్లైవీలును పట్టి తిప్పుతాయి. వదిలినపుడు లోపలి చుట్ట స్ప్రింగు తాడును తిరిగి చుట్టుకుంటుంది. దీనిని రికాయిల్ స్టార్టర్ అంటారు. ఫ్లైవీలుకు అమర్చిన అయస్కాంతం కాయిల్ పక్కనుండి తగినంత వేగంతో సాగితేనే స్పార్క్ ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుడుతుంది. అందుచేత నెమ్మదిగా ఎన్నిసార్లు లాగినా ప్రయోజనం ఉండదు. దీనికి తోడు, సిలిండరులో గాలి నొక్కుకొనడం వలన ఏర్పడే ఎదురు ఒత్తిడిని కూడా చేయి అధిగమించాలి. కావలసినది బలం ఒక్కటే కాదు, వేగం కూడా. భుజాన్ని, మణికట్టును నొప్పించేది ఈ కుదుపే.

శ్రమను తగ్గించే ఏర్పాట్లు

* డీకంప్రెషన్: సిలిండరులోని ఒత్తిడిని ప్రారంభ సమయంలో కొంత విడుదల చేసే ఏర్పాటు ఇది. పల్లెలలో హ్యాండిలు తిప్పి స్టార్టు చేసే డీజిలు ఇంజనులకు ఉండే చిన్న లివరు ఈ పనే చేస్తుంది. లివరు ఎత్తి ఉంచి, చక్రం వేగం అందుకున్నాక దించుతారు. పెద్ద రంపపు యంత్రాలలో ఇందుకు ఒక బొత్తాం ఉంటుంది. అనేక ఫోర్-స్ట్రోక్ ఇంజనులలో తక్కువ వేగం వద్ద ఎగ్జాస్టు వాల్వు దానంతటదే కొద్దిగా తెరుచుకుంటుంది.
* స్ప్రింగు సహాయం: తాడుకు, ఇంజనుకు మధ్య మరొక స్ప్రింగును అమరుస్తారు. తాడును నిదానంగా లాగినపుడు శక్తి ఆ స్ప్రింగులో నిలువ ఉండి, ఒక్కసారిగా విడుదలై ఇంజనును తిప్పుతుంది. స్టిల్ సంస్థ వారి ఎర్గోస్టార్ట్ ఈ తరహాకు చెందినది.
* విద్యుత్ స్టార్టరు: బొత్తాం నొక్కితే లేదా తాళంచెవి తిప్పితే బ్యాటరీతో పనిచేసే చిన్న మోటారు ఇంజనును తిప్పుతుంది. శ్రమ దాదాపు ఉండదు, కాని బరువు, ధర పెరుగుతాయి.

విద్యుత్ యంత్రాలు

విద్యుత్తుతో నడిచే యంత్రాలకు తాడు అవసరం లేదు. తీగతో నడిచేవి తేలికగా, చవకగా ఉంటాయి. అయితే తీగ కాలికి అడ్డుపడవచ్చు, కత్తికి చిక్కవచ్చు. వీటిని 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ విద్యుత్తుకే సరఫరాను నిలిపివేసే రక్షణ స్విచ్చు ద్వారా వాడడం మంచిది.

లిథియం-అయాన్ బ్యాటరీలు 1991లో మార్కెట్టులోకి వచ్చాయి. ఆ తరువాతి దశాబ్దాలలో ఇవి తోటపని యంత్రాలలో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. బ్యాటరీ ఎంత పనికి సరిపోతుందో వోల్టుల సంఖ్యను బట్టి మాత్రమే చెప్పలేము. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 36 వోల్టుల, 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీలోను, 18 వోల్టుల, 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీలోను ఉండే శక్తి సమానమే, అనగా 72 వాట్-అవర్లు.

భద్రతతో సంబంధం

ప్రారంభం కష్టమైన యంత్రం అలసటనే కాదు, ప్రమాదాన్ని కూడా తెస్తుంది. కత్తికి గడ్డి చుట్టుకున్నపుడు యంత్రాన్ని పూర్తిగా ఆపి తొలగించాలి. కాని మళ్ళీ తాడు లాగవలసి వస్తుందనే భయంతో కొందరు ఇంజనును ఆపకుండానే చేయి పెడతారు.

అమెరికాలో 1982లో అమలులోకి వచ్చిన భద్రతా ప్రమాణం ప్రకారం, వెనుక నడుస్తూ తోసే రోటరీ గడ్డికోత యంత్రం హ్యాండిలుపై పట్టు వదలిన 3 సెకన్లలోపు కత్తి ఆగిపోవాలి. చేతితో మాత్రమే స్టార్టు చేసే యంత్రాలలో ఇంజను నడుస్తూనే ఉండి కత్తి మాత్రం ఆగాలి. పట్టు వదిలితే ఇంజను కూడా ఆగిపోయే రకమైతే, స్టార్టు చేసే పిడి హ్యాండిలు పైభాగం నుండి 24 అంగుళాలలోపు ఉండాలి, లేదా యంత్రం చుట్టూ 360 డిగ్రీల పాదరక్షణ కవచం ఉండాలి. పిడి పైన ఉంటే వాడేవారు నడుము వంచనవసరం లేదు, పాదాలు కూడా కత్తికి దూరంగా ఉంటాయి.

రంపపు యంత్రాన్ని గాలిలో పట్టుకొని, కిందికి విసురుతూ తాడు లాగడం ప్రమాదకరం. దానిని నేలపై ఉంచి, గొలుసు బ్రేకు వేసి, వెనుక పిడిని పాదంతో అదిమిపట్టి లాగాలి. ఈ విధంగా చేయలేనివారు ఆ యంత్రాన్ని ఎంచుకొనకపోవడమే మేలు. పేస్‌మేకర్ అమర్చుకున్నవారు ఇటువంటి యంత్రాలు వాడే ముందు వైద్యుని సంప్రదించాలి.

ప్రారంభం తరువాతి శ్రమ

సులభంగా ప్రారంభమైనంత మాత్రాన యంత్రం సులభమైనది కాదు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో రైతులు వాడే ఛార్జింగ్ స్ప్రేయరు ఇందుకు మంచి ఉదాహరణ. స్విచ్చు వేస్తే చాలు, అది పనిచేస్తుంది. కాని 16 లీటర్ల ట్యాంకు నింపితే నీటి బరువే 16 కిలోలు. దానిని నేలమీద నుండి వీపుకెత్తుకోవడం తాడు లాగడం కంటే కష్టం కావచ్చు. సగం నింపి ఎత్తైన గట్టు మీద నుండి తగిలించుకొనడం, లేదా చక్రాల బండిపై ఉండే స్ప్రేయరును వాడడం దీనికి పరిష్కారం.

యంత్రపు కంపనం కూడా ముఖ్యమే. ఐరోపా సంఘం 2002లో చేసిన ఆదేశం ప్రకారం, 8 గంటల పనిదినానికి చేతులకు తగిలే కంపనం సెకను వర్గానికి 2.5 మీటర్లు దాటితే యజమాని నివారణ చర్యలు చేపట్టాలి. 5 మీటర్లు గరిష్ఠ పరిమితి.

కొనే ముందు పరీక్షించవలసినవి

* ఇంజను చల్లగా ఉన్నపుడు వాడబోయే వ్యక్తే స్వయంగా స్టార్టు చేసి చూడాలి. ముందే నడిపి వేడెక్కిన ఇంజను సాధారణంగా తేలికగా ప్రారంభమవుతుంది.
* బ్యాటరీతో సహా యంత్రాన్ని పనిచేసే ఎత్తులో కొన్ని నిమిషాలు పట్టుకొని చూడాలి.
* భద్రతా బొత్తాన్ని, ట్రిగ్గరును ఒకేసారి నొక్కి ఉంచడానికి వేళ్ళు సహకరిస్తున్నాయో లేదో చూడాలి.
* బ్యాటరీని తీసి తిరిగి అమర్చడం, ఇంధనపు మూత తిప్పడం ఎంత సులభమో గమనించాలి.

నిర్వహణ

స్టార్టు కాకపోవడానికి బలహీనతే కారణం కానవసరం లేదు. నెలల తరబడి నిలువ ఉన్న పెట్రోలు కార్బొరేటరులో జిగురుగా మారి సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. ఇథనాలు కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. భారతదేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే లక్ష్యం 2025లో నెరవేరింది. చాలా చిన్న ఇంజనుల సూచన పుస్తకాలు 10 శాతం వరకే అనుమతిస్తాయి. కనుక కొనే ముందే ఈ విషయం తెలుసుకోవాలి. ఎక్కువ కాలం వాడనపుడు ఇంధనాన్ని తీసివేయడం, స్పార్క్ ప్లగ్గును శుభ్రపరచడం, చోకును అవసరమైనంత సేపే వాడడం వలన తాడు లాగవలసిన సార్లు తగ్గుతాయి. బ్యాటరీలను ఎండలో ఉంచరాదు.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* లిథియం-అయాన్ బ్యాటరీ
* కీళ్ళవాతం
* మిద్దె తోట